‘ఇస్తే వస్తుంది’ అనే వాక్యం: ఆస్పిరిన్, పిల్లల జ్వరం, రై సిండ్రోమ్

“పిల్లలకు జ్వరం వస్తే ఆస్పిరిన్ ఇవ్వకూడదు. ఇస్తే రేస్ సిండ్రోమ్ వస్తుంది.”

ఈ రెండు వాక్యాలను మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. పోటీ పరీక్షల గైడులో ఒక బిట్టుగానో, ఆదివారం అనుబంధంలోని ఆరోగ్య శీర్షికలోనో తగిలి ఉంటాయి. నేను చదవడమే కాదు, రాశాను కూడా. సుమారు పదిహేనేళ్ల క్రితం పిల్లల ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చాను. ఆస్పిరిన్‌కూ ఈ జబ్బుకూ మధ్య సంబంధం కనబడిందని మాత్రమే మూలంలో ఉంది. ఆ మాట తెలుగులో నాకు నీరసంగా వినిపించింది. సంబంధం ఏమిటి, చుట్టరికమా అని పాఠకుడు నవ్వుతాడేమోనన్న అనుమానం ఒకటి. అందుకని ‘ఇస్తే వస్తుంది’ అని తేల్చేశాను.

పుస్తకం వెలువడిన కొన్నాళ్లకు ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడల్లా వాళ్ల నాయనమ్మ ఆస్పిరిన్ బిళ్లను సగానికి విరిచి, చెంచాలో నలిపి, పంచదార కలిపి పట్టేదట. అన్నకూ పట్టింది, తనకూ పట్టింది. ఇద్దరికీ ఏమీ కాలేదు. “మీరు రాసింది తప్పా, మా నాయనమ్మ చేసింది తప్పా?” అని ప్రశ్న.

రెండూ తప్పే. అయితే ఆ రెండు తప్పులూ ఎలా వేరో చెప్పాలంటే అసలు సంగతి మొదటి నుంచి చూడాలి. నా రెండు వాక్యాల్లో మొదటిది నేటికీ సరైనదే. రెండోదే చిక్కు తెచ్చింది. సలహా మంచిదైనప్పుడు కారణం కాస్త అటూ ఇటూ అయితే ఏం పోయిందని మీరు అడగవచ్చు. పోయేది ఆ సలహాయే. ‘ఇస్తే వస్తుంది’ అని చెప్పిన తరువాత, ఇచ్చినా రాని పిల్లవాడు ఒక్కడు కనబడితే చాలు, చదివినవాడు రెండో వాక్యంతోపాటు మొదటిదాన్ని కూడా కొట్టిపారేస్తాడు. అలాంటి పిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు.

ముందు పేరు సంగతి. డగ్లస్ రై ఆస్ట్రేలియాలో, సిడ్నీ పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన రోగనిదాన శాస్త్రవేత్త. ఇంటిపేరు పలికేది ‘రై’ అనే. ఇంగ్లీషు అక్షరాలు చూసి మనవాళ్లు రేయి, రేస్, రీస్ అని రకరకాలుగా రాస్తున్నారు. ఆ రాసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. 1963లో ఆయన, ఇద్దరు సహచరులు కలిసి ‘లాన్సెట్’ పత్రికలో 21 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. అందరిదీ దాదాపు ఒకే కథ. చిన్నపాటి జలుబో జ్వరమో వచ్చి తగ్గుముఖం పడుతుంది. ఇంతలో ఆగకుండా వాంతులు మొదలవుతాయి. తరువాత మగత, కలవరింత, మూర్ఛలు, చివరికి స్పృహ పోవడం. 21 మందిలో 17 మంది చనిపోయారు. శవపరీక్షలో మెదడు వాచి ఉంది, కాలేయం నిండా కొవ్వు చేరి పసుపు రంగుకు తిరిగింది. కారణం తెలియలేదు. అదే ఏడాది అమెరికాలోని నార్త్ కరోలినాలో ఫ్లూ ప్రబలినప్పుడు ఇలాంటి కేసులనే జాన్సన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు నమోదు చేశారు. ఫ్లూ తరువాతా, ఆటలమ్మ తరువాతా ఈ జబ్బు ఎక్కువగా కనబడుతోందని క్రమంగా తేలింది.

ఇక ఆస్పిరిన్. అది 1899 నుంచి అమ్మకంలో ఉన్న మందు. అమెరికాలో నారింజ రుచితో పిల్లల బిళ్లలు కూడా ఉండేవి. ఇంటింటా ఉన్న వస్తువు మీద అనుమానం రావడం కష్టం. ఆ అనుమానాన్ని లెక్కల్లోకి దించినవారు కేరన్ స్టార్కో, ఆమె సహచరులు. అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఫ్లూ వ్యాపించినప్పుడు రై సిండ్రోమ్ వచ్చిన ఏడుగురు పిల్లలను తీసుకున్నారు. వారి తరగతుల్లోనే చదువుతూ, అదే సమయంలో జబ్బుపడి మామూలుగా కోలుకున్న 16 మందిని పోలిక కోసం ఎంచుకున్నారు. ఎవరెవరు ఏ మందులు వేసుకున్నారో అడిగారు. ఏడుగురికి ఏడుగురూ ఆస్పిరిన్ జాతి మందు, అంటే సాలిసిలేట్, వేసుకున్నారు. పోలిక బృందంలో వేసుకున్నది 16లో 8 మంది. 1980లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

ఏడుగురితో ఏం తేలుతుందని అనిపిస్తుంది. ఇంటర్ గణితంలో సంయోగాలు చదివినవారు కాగితం తీసుకోండి. మొత్తం 23 మంది పిల్లలు, వారిలో మందు వేసుకున్నవారు 15 మంది. మందుకూ జబ్బుకూ ఏ సంబంధమూ లేదనుకుందాం. అప్పుడు 23 చీటీల్లోంచి కళ్లు మూసుకుని 7 తీస్తే ఏడూ మందు వేసుకున్నవారివే కావాలి. 15 నుంచి 7ను ఎంచుకునే విధాలు 6,435. 23 నుంచి 7ను ఎంచుకునే విధాలు 2,45,157. భాగిస్తే దాదాపు 38లో 1 వంతు. అంటే కాకతాళీయం కావడం అసాధ్యం కాదు, కానీ నమ్మడం కష్టం. అనుమానం గట్టిపడడానికి సరిపోతుంది, కేసు మూసెయ్యడానికి సరిపోదు.

ఇప్పుడు ఆ అమ్మాయి ఉత్తరాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడండి. పోలిక బృందంలో ఆస్పిరిన్ వేసుకున్నా ఏమీ కాకుండా బడికి వెళ్లిపోయిన ఎనిమిది మంది ఉన్నారు కదా, ఆమే ఆమె అన్నా ఆ వరుసలోకి వస్తారు. స్టార్కో బృందం అడిగిన ప్రశ్న ‘ఆస్పిరిన్ వేసుకున్నవారిలో ఎంతమందికి జబ్బు వచ్చింది?’ అని కాదు. ‘జబ్బు వచ్చినవారిలో ఎంతమంది ఆస్పిరిన్ వేసుకున్నారు?’ అని. ఈ రెండు ప్రశ్నలూ ఒకటేనని పొరబడడం వల్లనే నా రెండో వాక్యం పుట్టింది. అమెరికాలో కేసులు అన్నిటికన్నా ఎక్కువగా నమోదైన 1979–80లో వాటి సంఖ్య 555. అప్పటికి ఆ దేశంలో 18 ఏళ్ల లోపువారు ఆరు కోట్ల పైచిలుకు. ఆస్పిరిన్ మింగిన పిల్లల్లో అత్యధికులకు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే మామూలు. అయిన కొద్దిమందిలో మాత్రం మూడో వంతు దాకా చనిపోయారు, బతికినవారిలో కొందరికి మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగిలింది.

స్టార్కో అధ్యయనం తరువాత ఒహాయో, మిషిగన్ రాష్ట్రాల నుంచి కూడా అలాంటి ఫలితాలే వచ్చాయి. 1982లో అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి తల్లిదండ్రులను హెచ్చరించాడు. అదే ఏడాది జూన్‌లో ఆరోగ్య శాఖ మంత్రి రిచర్డ్ ష్వైకర్ ఆస్పిరిన్ సీసాల మీద హెచ్చరిక ముద్రించాలన్న నిబంధన తెస్తామని ప్రకటించాడు. నవంబరు వచ్చేసరికి ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఇంకా పరిశోధన జరగాలన్నారు. ఆస్పిరిన్ తయారీ సంస్థలు పట్టుబట్టిన మాట అదే: సంబంధం కనబడినంత మాత్రాన కారణమని తేలినట్టు కాదు.

ఇక్కడ అనువాదకుడిగా నాకు ఇబ్బంది. నేను మింగేసిన ‘సంబంధం’ అన్న మాటనే ఆ సంస్థలు జెండాగా ఎత్తాయి. తర్కం దృష్ట్యా వాళ్ల మాట తప్పు కాదు. వాళ్లు చూపిన లోపాలు కూడా కల్పితాలు కావు. పిల్లవాడు స్పృహ లేకుండా పడి ఉన్నప్పుడు తల్లి ప్రతి బిళ్లనూ తలచుకుంటుంది, వారంలో కోలుకున్న పిల్లవాడి తల్లి సగం మరచిపోతుంది. ఎక్కువ జ్వరం ఉన్నవారికి ఎక్కువ మందు పోసి ఉండవచ్చు, అప్పుడు తప్పు మందుది కాక జ్వరానిది కావచ్చు. ఇవి నిజమైన అభ్యంతరాలు. అయితే వీటికి జవాబు కొత్త అధ్యయనం. అది వచ్చేవరకు సీసా మీద ఒక వాక్యం ముద్రించకుండా ఆపడానికి ఇవి సరిపోవు.

కొత్త అధ్యయనం వచ్చింది. అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం ఈ అభ్యంతరాలను దృష్టిలో పెట్టుకుని పోలిక బృందాలను నాలుగు చోట్ల నుంచి తీసుకుంది: అదే ఆసుపత్రిలో చేరినవారు, అత్యవసర విభాగానికి వచ్చినవారు, అదే బడి పిల్లలు, టెలిఫోను ద్వారా యాదృచ్ఛికంగా ఎంచుకున్నవారు. 1985లో ప్రచురించిన తొలి విడత ఫలితాల్లో రై సిండ్రోమ్ వచ్చిన 30 మందిలో 28 మంది సాలిసిలేట్ తీసుకున్నారు. పోలిక బృందాల్లో 145 మందికి 66 మంది. 1987లో వచ్చిన ప్రధాన అధ్యయనంలో 27 మందికి 26 మంది, పోలిక బృందాల్లో 140 మందికి 38 శాతం. పోలిక బృందం ఎక్కడి నుంచి తెచ్చినా తేడా చెరగలేదు. ప్రధాన అధ్యయనంలో కేసులు 27 మాత్రమే ఎందుకున్నాయంటే, అప్పటికే చాలా ఇళ్లలో పిల్లలకు ఆస్పిరిన్ మానేశారు, జబ్బే అరుదైపోయింది. హెచ్చరిక ముద్రించి తీరాలన్న నిబంధన 1986లో వచ్చింది. అదే ఏడాది బ్రిటన్ కూడా మొదట 12 ఏళ్ల లోపువారికి ఆస్పిరిన్ వద్దంది, తరువాత ఆ హద్దును 16 ఏళ్లకు పెంచింది. అమెరికాలో 555 ఉన్న సంఖ్య 1987 తరువాత ఏ ఏడాదీ 36 దాటలేదని 1999లో ప్రచురించిన సమీక్ష తేల్చింది.

1982కూ 1986కూ మధ్య నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో జబ్బుపడిన పిల్లల్లో ఎందరిని ఒక చిన్న కాగితపు ముక్క కాపాడి ఉండేదన్న లెక్క మీద వాదాలున్నాయి. సున్నా అని మాత్రం నేను అనుకోను. జ్వరం తగ్గించడంలో పారాసెటమాల్ ఆస్పిరిన్‌కు తీసిపోదు, ధర కూడా తేడా కాదు. ఆస్పిరిన్ నిర్దోషి అయి ఉంటే మానేసిన పిల్లవాడికి నష్టమేమీ లేదు. దోషి అయి ఉంటే మానని పిల్లవాడికి ప్రాణం నష్టం. త్రాసులో ఒక పళ్లెం ఖాళీగా ఉన్నప్పుడు రెండో పళ్లెంలో పూర్తి రుజువు పడేదాకా ఆగనవసరం లేదు. శాస్త్రంలో ‘తేలింది’ అనడానికి కావలసిన సాక్ష్యం వేరు, ‘జాగ్రత్తపడండి’ అనడానికి కావలసింది వేరు.

శరీరం లోపల ఏం జరుగుతుందో కాస్త చూద్దాం. మన కణాల్లోని మైటోకాండ్రియా కొవ్వు ఆమ్లాలను దహించి శక్తినిస్తాయి. కాలేయంలో వాటికి ఇంకో పని కూడా ఉంది. మాంసకృత్తుల విచ్ఛిన్నంలో పుట్టే అమ్మోనియాను యూరియాగా మార్చే చక్రంలో తొలి మెట్లు మైటోకాండ్రియాలోనే జరుగుతాయి. రై సిండ్రోమ్‌లో ఈ మైటోకాండ్రియా ఉబ్బి, చెడి కనబడతాయి. ఇక కొవ్వు దహనం కాక కాలేయంలో పేరుకుంటుంది. అమ్మోనియా రక్తంలో పెరుగుతుంది, మెదడు వాస్తుంది. ఆస్పిరిన్ శరీరంలో సాలిసిలేట్‌గా మారుతుంది. అది మైటోకాండ్రియాలో శక్తి తయారీని గాడి తప్పించగలదనీ, కొవ్వు దహనాన్ని అడ్డుకోగలదనీ ప్రయోగశాలల్లో చూశారు. వైరస్ ఇప్పటికే కుంగదీసిన కణం మీద ఈ రెండో దెబ్బ పడుతుందన్నమాట. మొదటి దెబ్బ లేనివారికీ, దాన్ని తట్టుకోగలిగినవారికీ రెండోది తెలియదు. నాయనమ్మ మనవలు అలా గట్టెక్కారు.

ఇంతవరకు కథ ఒక దారిలో నడిచింది. అడ్డం తిరిగింది ఆస్ట్రేలియా దగ్గరే. రై స్వదేశంలో పిల్లలకు ఆస్పిరిన్ ఇచ్చే అలవాటు చాలా ముందే తగ్గిపోయింది. అయినా సిడ్నీలో 1970లలో కూడా రై సిండ్రోమ్ కేసులు కనబడ్డాయి. వారిలో ఆస్పిరిన్ తీసుకున్న దాఖలా దాదాపు ఎవరికీ లేదు. మందుకూ జబ్బుకూ సంబంధం లేదనడానికి కొందరు పరిశోధకులు దీన్నే చూపారు. బ్రిటన్‌లోనూ ఒక తేడా బయటపడింది. అమెరికాలో జబ్బుపడినవారు ఎక్కువగా బడి ఈడు పిల్లలు, బ్రిటన్‌లో చాలామంది పసివాళ్లు.

1980ల తొలి సంవత్సరాల్లో ఈ ముడి కొంత విడింది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే కొవ్వును దహించే ఎంజైముల్లో ఒకటి లోపిస్తుంది. మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. జ్వరం వచ్చి రెండు పూటలు అన్నం మానేస్తే శరీరం కొవ్వు మీద ఆధారపడాలి, అది కుదరదు. రక్తంలో చక్కెర పడిపోతుంది, పిల్లవాడు స్పృహ తప్పుతాడు. కాలేయం తెరచి చూస్తే కొవ్వు. అంతా అచ్చం రై చెప్పినట్టే ఉంటుంది, ఆస్పిరిన్ ప్రమేయం లేదు. పాత కేసులను తిరగేసి చూస్తే, రై సిండ్రోమ్ అని రాసిన పిల్లల్లో కొందరిది నిజానికి ఈ జన్మతః లోపమని తేలింది. అంటే రై సిండ్రోమ్ అన్నది ఒక జబ్బు పేరు కాదు, ఒక పెట్టె పేరు. లోపల రకరకాల జబ్బులున్నాయి. ఫ్లూ తరువాత, ఆటలమ్మ తరువాత, బడి ఈడు పిల్లలకు వచ్చేది వాటిలో ఒకటి. ఆస్పిరిన్‌తో ముడిపడింది అదే. ‘ఇస్తే వస్తుంది’ ఎంత తప్పో, ‘ఇవ్వకపోతే రాదు’ అన్నదీ అంతే తప్పు. కేసుల సంఖ్య పడిపోవడంలో కొంత వాటా ఆస్పిరిన్ మానడానిదైతే, కొంత వాటా పెట్టెలోంచి వేరే జబ్బులను తీసి వాటి సొంత పేర్లు పెట్టడానిది. రెండో వాటాను చూపి మొదటిదాన్ని కొట్టెయ్యడం నాకు సమ్మతం కాదు. ఆస్పిరిన్ వాడకం తగ్గిన కొద్దీ బడి ఈడు పిల్లల కేసులే తగ్గాయి.

ఈ పెట్టె గొడవ మనకు దూరం కాదు. వాంతులు, మూర్ఛ, గంటల్లో స్పృహ తప్పడం అనే లక్షణాలతో మన దేశంలోనూ పిల్లలు గుంపులు గుంపులుగా ఆసుపత్రుల్లో చేరారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం ముందు వచ్చే ఇలాంటి జబ్బును చాలాకాలం మెదడువాపు అనే రాశారు. విపిన్ వశిష్ఠ, టి. జాకబ్ జాన్ తదితరులు వెదికితే, పిల్లలు ఆటల్లో తిన్న కసింద గింజల విషం అని 2007లో తేల్చారు. మన రోడ్ల పక్కన కూడా పెరిగే మొక్కే. బీహార్‌లోని ముజఫర్‌పూర్ పిల్లల సంగతి ఇంకొకటి. చాలామందికి జ్వరమే లేదు. రాత్రి భోజనం లేకుండా లీచీ పండ్లు తిన్నవారికి ఆ పండులోని హైపోగ్లైసిన్ కొవ్వు దహనాన్ని ఆపి, చక్కెరను పడగొట్టిందని 2014లో జరిపిన అధ్యయనం చూపింది. వెంటనే గ్లూకోజు ఎక్కిస్తే బతికే అవకాశం ఉన్న జబ్బు అది. 2003 వేసవిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు జ్వరం, వాంతులతో స్పృహ కోల్పోయారు, 183 మంది చనిపోయారు. అక్కడ పట్టుబడింది చాందీపుర వైరస్. పైకి ఒకేలా కనబడిన మూడు చోట్ల మూడు వేర్వేరు కారణాలు. ఎక్కడా ఆస్పిరిన్ కాదు. ‘ఇలా ఉంటే రై, రై అంటే ఆస్పిరిన్’ అని గైడు చదివి వైద్యం మొదలుపెట్టేవాళ్లు ఉంటే గ్లూకోజు ఆలస్యమవుతుంది.

మన ఇళ్లలో ఇంకో మాట వినబడుతుంది. ఆటలమ్మ పోస్తే వేపాకు పరచి, మందుబిళ్ల ముట్టనివ్వరు కదా, పెద్దవాళ్లకు ఇదంతా ముందే తెలుసన్నమాట అని. ఆ ఆచారం ఆస్పిరిన్ పుట్టక ముందుదీ, అన్ని మందులకూ వర్తించేదీ. జబ్బు ముదిరినా వైద్యుడి దగ్గరకు పోనివ్వకుండా ఆపేదీ అదే. దానికి ఈ గౌరవం అంటగట్టనక్కరలేదు.

మరో సంగతి చెప్పి ముగిస్తాను. కేరన్ స్టార్కోయే 2009లో ఒక వ్యాసం రాస్తూ, 1918 ఫ్లూ మరణాల్లో కొన్నిటికి ఆ రోజుల్లో రోగులకు పట్టించిన భారీ మోతాదుల ఆస్పిరిన్ కారణమై ఉండవచ్చన్నారు. అప్పటి వైద్యులు సూచించిన మోతాదు రోజుకు 8 నుంచి 31 గ్రాములు, నేటి లెక్కలో అది విషమే. ఆలోచన ఆసక్తికరమైనది. అయితే ఏ రోగి ఎంత మింగాడో, వారిలో ఎవరు పోయారో చెప్పే పట్టిక ఆ వ్యాసంలో లేదు. ఫీనిక్స్‌లో ఉన్న పోలిక బృందం ఇక్కడ లేదు. ఆమె ‘కావచ్చు’ అన్నదాన్ని ‘1918లో లక్షలమందిని చంపింది ఆస్పిరినే’ అని తెలుగులో రాయాలని ఎవరికైనా చెయ్యి దురద పెడితే, నా అనుభవం గుర్తు చేసుకోవాలి.

ఆ అమ్మాయికి అప్పట్లో నేను రాసిన జవాబు దాటవేతే. ఇప్పుడు ఆ పుస్తకం మళ్లీ అచ్చుకు వెళుతోంది. ఆ రెండు వాక్యాల చోట ఇది పెట్టాను. పొడవైంది, రెండు మార్కుల జవాబులో పట్టదు:

“పిల్లలకూ, 16 ఏళ్ల లోపువారికీ జ్వరానికి మీ అంతట మీరు ఆస్పిరిన్ ఇవ్వకండి, ముఖ్యంగా ఫ్లూలో, ఆటలమ్మలో. చాలామందికి ఏమీ కాదు. కానీ ఆస్పిరిన్ తీసుకున్నవారిలో రై సిండ్రోమ్ అనే అరుదైన, ప్రాణాంతకమైన జబ్బు వచ్చే అవకాశం బాగా పెరుగుతుందని వేర్వేరు అధ్యయనాలు చూపాయి. డెంగీ అనుమానం ఉంటే రక్తస్రావం భయం కూడా ఉంది. బిళ్ల అట్ట మీద అసిటైల్ సాలిసిలిక్ ఆమ్లం అని ఉన్నా అది ఆస్పిరినే. పారాసెటమాల్‌ను బరువును బట్టి వైద్యుడు చెప్పిన మోతాదు దాటనివ్వకండి, అదీ కాలేయానికి చెరుపే. కవాసాకి వ్యాధికో, కీళ్లవాతపు జ్వరానికో వైద్యుడు ఆస్పిరిన్ రాసి ఉంటే ఈ పేజీ చదివి మానెయ్యకండి. ఆ మందు వాడుతుండగా ఫ్లూ గానీ ఆటలమ్మ గానీ వస్తే వెంటనే ఆయనకు చెప్పండి. జ్వరం తగ్గుతున్న పిల్లవాడు ఆగకుండా వాంతులు చేసుకుంటూ, మగతగానో తిక్కతిక్కగానో ఉంటే, ఏ మందు వేశారన్న దానితో నిమిత్తం లేకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.”